మీ షాపులో కరెంటు వస్తువులకు ‘పాస్’ స్టిక్కరు వేసేవారిని నమ్మొచ్చా? ఈ ప్రశ్నకు షికాగోలో జవాబు వెతికిన విలియం మెరిల్ కథ

మీదొక టిఫిన్ సెంటరు అనుకోండి. వెట్ గ్రైండరు, మిక్సీ, రెండు ఫ్రిజ్‌లు, గీజరు, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు, బిల్లింగ్ మెషీను.. అన్నీ కలిపితే 40 దాకా ఉంటాయి. ఒకరోజు ఒక ఏజెన్సీ నుంచి ఇద్దరు వస్తారు. కరెంటు వస్తువులన్నీ పరీక్షించి సర్టిఫికెట్ ఇస్తామంటారు. గంటలో పని అయిపోతుంది. ప్రతి వస్తువు మీద ఆకుపచ్చ స్టిక్కరు, మీ చేతిలో ఒక కాగితం, వాళ్ల చేతిలో మీ డబ్బు.

గంటలో 40 వస్తువులంటే ఒక్కోదానికి నిమిషంన్నర. ప్లగ్గు తీసి, తీగ మొత్తం చూసి, మీటరు తగిలించి, రీడింగు రాసి, మళ్లీ ప్లగ్గు పెట్టడానికి ఆ సమయం చాలదు. అంటే కొన్నింటికి స్టిక్కరు మాత్రమే పడింది.

ఆ కాగితం ఫైల్లో పెట్టుకుని మీరు నిశ్చింతగా ఉంటారు. కానీ తడి చేత్తో గ్రైండరు ముట్టుకునే మనిషి ప్రాణం, ఆ స్టిక్కరు వెనక నిజంగా పరీక్ష జరిగిందా లేదా అన్నదాని మీద ఆధారపడి ఉంటుంది.

పరీక్షించేవారిని ఎలా నమ్మాలి? ఇది కొత్త ప్రశ్న కాదు. 130 ఏళ్ల కిందట అమెరికాలో ఒక యువ ఇంజినీరు ఇదే ప్రశ్న పట్టుకుని జీవితమంతా పనిచేశారు. ఆయన పేరు విలియం హెన్రీ మెరిల్. చార్జర్ల మీద, టీవీల వెనక చిన్న వృత్తంలో కనిపించే ‘యూఎల్’ గుర్తుకు మూలపురుషుడు ఆయనే. ఆయన కథ తెలిస్తే, మీ షాపుకు వచ్చే టెస్టింగ్ ఏజెన్సీని ఏమడగాలో తెలుస్తుంది.

తనిఖీ ఉద్యోగంతో మొదలు

మెరిల్ 1889లో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్ పూర్తి చేశారు. అప్పటికి ఎడిసన్ బల్బు వచ్చి పదేళ్లు. న్యూయార్క్‌లో ఎడిసన్ కంపెనీ కరెంటు అమ్మడం మొదలుపెట్టి ఏడేళ్లు. ఊరూరా కొత్త కంపెనీలు పుడుతున్నాయి. తీగలు, స్విచ్‌లు, సాకెట్లు తయారుచేసేవారు లెక్కలేనంత మంది. వాటిలో ఏది మంచిదో, ఏది ఇల్లు తగలబెడుతుందో చెప్పేవారు మాత్రం లేరు.

చదువయ్యాక ఆయన బోస్టన్‌లో అగ్నిప్రమాద బీమా సంస్థల సంఘంలో ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టరుగా చేరారు. ఇంగ్లిష్‌లో బీమా రాసేవారిని అండర్‌రైటర్లు అంటారు. ఒక భవనానికి ఎంత ప్రమాదం పొంచి ఉందో లెక్కగట్టి, దాన్ని బట్టి ప్రీమియం నిర్ణయించడం వారి పని. కరెంటు వచ్చాక ఆ లెక్క తప్పడం మొదలైంది. ఫ్యాక్టరీలు, దుకాణాలు కాలిపోతున్నాయి, బీమా సంస్థలు పరిహారం కడుతున్నాయి. అందుకే భవనంలోకి వెళ్లి వైరింగు చూసి వచ్చే ఇంజినీరు వారికి అవసరమయ్యారు.

వైరింగును కళ్లతో చూసి ఎంతవరకు చెప్పగలం? ఆ కాలంలో జరిగిన ఒక పొరపాటు ఈ ఇబ్బందిని బాగా చూపిస్తుంది. రాగి తీగకు నూలు చుట్టి, పైన సీసం కలిసిన తెల్ల రంగు పూసిన ఒక రకం వైరును బీమా సంస్థలే ఆమోదించాయి. రంగు పూత వల్ల అది తేలిగ్గా మండదు. అందుకే దానికి అండర్‌రైటర్స్ వైరు అనే పేరు వచ్చింది. కానీ అది చెమ్మకు తట్టుకోదు. తడిస్తే కరెంటు బయటికి పాకుతుంది. ప్రమాదాలు పెరిగాక జనం దాన్ని అండర్‌టేకర్స్ వైరు అనడం మొదలుపెట్టారు. మన మాటల్లో చెప్పాలంటే కాటికాపరి వైరు.

అందులో మోసం లేదు. మంటను తట్టుకుంటుందా అని చూశారు, తడిని తట్టుకుంటుందా అని చూడలేదు. ఒక్క పరీక్షలో నెగ్గిన వస్తువుకు అన్నింట్లోనూ నెగ్గినట్టు పేరొచ్చింది. మీ చేతిలో ఉన్న సర్టిఫికెట్ ఏ పరీక్షకు ఇచ్చారో చూడకుండా నమ్మితే ఈ రోజు కూడా ఇదే జరుగుతుంది.

షికాగో ఎగ్జిబిషన్

1893లో మెరిల్ జీవితం మలుపు తిరిగింది. ఆ ఏడాది షికాగోలో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగింది. మే నుంచి అక్టోబరు దాకా ఆరు నెలల్లో సుమారు 2.7 కోట్ల సందర్శనలు నమోదయ్యాయి. వెస్టింగ్‌హౌస్ కంపెనీ ఆల్టర్నేటింగ్ కరెంటుతో వేలాది బల్బులు వెలిగించింది. కరెంటు కోసమే ఒక ప్రత్యేక భవనం కట్టారు. చాలామంది సందర్శకులకు అంత వెలుగు చూడడం అదే మొదటిసారి.

బయటికి పాలరాతి మేడల్లా కనిపించే ఆ భవనాలు లోపల వేరు. ప్లాస్టర్‌లో జనపనార కలిపి అచ్చుపోసిన పలకలతో, తాత్కాలికంగా కట్టినవి. వాటి మధ్య నుంచి మైళ్ల కొద్దీ తీగలు. ఇక షికాగోకు మంటలంటే ఎలాంటి భయమో చెప్పనక్కర్లేదు. 1871లో జరిగిన అగ్నిప్రమాదంలో సుమారు 300 మంది చనిపోయారు, లక్ష మంది వరకు నిలువ నీడ కోల్పోయారు. ప్రదర్శన జరుగుతుండగానే 1893 జులైలో అక్కడి కోల్డ్ స్టోరేజీ భవనం తగలబడింది. మంటలార్పడానికి ఎక్కిన ఫైర్ సిబ్బందితో పాటు పది మందికి పైగా చనిపోయారు. దానికి కారణం కరెంటు కాదు, పొగగొట్టం. అయినా బీమా సంస్థల ఆందోళన రెట్టింపైంది.

ప్రదర్శనలోని కరెంటు ఏర్పాట్లను తనిఖీ చేసేందుకు మెరిల్ షికాగో వచ్చారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. ఒక భవనంలో తీగలు చూసి బాగోలేదని చెప్పడం సులువే. బాగున్న తీగ ఏదని ఎదుటివారు అడిగితే చెప్పడానికి ఆధారం కావాలి. ఆ ఆధారం పరీక్షలో తప్ప దొరకదు. ఆ పరీక్ష కూడా వస్తువు అమ్మే కంపెనీ చేస్తే ఎవరూ నమ్మరు. కాబట్టి ఎవరి సరుకూ అమ్మని ఒక ల్యాబ్ ఉండాలి. మెరిల్ ఆలోచన ఇదే.

బోస్టన్‌లోని బీమా సంస్థలు ఈ ప్రతిపాదనకు ఒప్పుకోలేదు. షికాగో సంస్థలు ఒప్పుకున్నాయి. మెరిల్ షికాగోలోనే స్థిరపడ్డారు.

350 డాలర్లతో ల్యాబ్

1894లో అండర్‌రైటర్స్ ఎలక్ట్రికల్ బ్యూరో మొదలైంది. పరీక్ష పరికరాలకు పెట్టిన ఖర్చు 350 డాలర్లు. చోటు, ఫైర్ ఇన్సూరెన్స్ పెట్రోల్ స్టేషన్ మూడో అంతస్తు. ఈ పెట్రోల్‌ను బీమా సంస్థలు సొంత ఖర్చుతో నడిపేవి. మంటలార్పేది ఫైర్ సర్వీసు అయితే, నీళ్లకీ పొగకీ సరుకు పాడవకుండా టార్పాలిన్లు కప్పి కాపాడేది ఈ పెట్రోల్.

1894 మార్చి 24న ఆ ల్యాబ్‌లో తొలి పరీక్ష జరిగింది. కరెంటు తీగల దగ్గర వాడే మండని ఆస్బెస్టాస్ కాగితానికి చేసిన పరీక్ష అది. మెరిల్ దాని మీద నివేదిక రాసి సంతకం చేశారు.

ఆ కాగితంలో గొప్పతనమేమీ లేదు. ఆ నివేదికలో ఉంది. తయారీదారు తన సరుకు మండదని చెప్పుకోవడం అప్పటికే మామూలు. ఇప్పుడు ఆ సరుకుతో లాభనష్టాలు లేని ఒక మనిషి, పరికరాలతో పరీక్షించి, ఏం చూశారో రాసి, కింద తన పేరు పెట్టారు. పరీక్ష నివేదిక అంటే ఇదే. మీకు ఇచ్చే కాగితంలో ఫలానా వస్తువు, ఫలానా పరీక్ష, వచ్చిన రీడింగు, చేసినవారి పేరు, తేదీ లేకపోతే అది రసీదు మాత్రమే.

ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?

ల్యాబ్ నడవాలంటే డబ్బు కావాలి. మొదట్లో బీమా సంస్థలు భరించాయి. వారికి లాభం ఎక్కడుందో గమనించండి. పాడు వస్తువుకు పాస్ ఇస్తే, రేపు ఆ వస్తువు వల్ల భవనం కాలితే, పరిహారం కట్టాల్సింది వారే. అబద్ధపు సర్టిఫికెట్ వల్ల నేరుగా నష్టపోయేవారే పరీక్ష ఖర్చు పెట్టుకున్నారు. నమ్మకానికి ఇంతకంటే గట్టి పునాది లేదు.

పరీక్షలు పెరిగే కొద్దీ పరిస్థితి మారింది. తమ వస్తువును పరీక్షించమని వచ్చే తయారీదారుల నుంచి ఫీజు తీసుకోవడం మొదలైంది. పరీక్ష రాసే విద్యార్థే పేపరు దిద్దేవారికి జీతమిచ్చినట్టుంది కదా అని మీకు అనిపించవచ్చు. ఈ రోజు ప్రపంచంలో చాలా టెస్టింగ్ ఏజెన్సీలు ఇలాగే నడుస్తున్నాయి. డబ్బిచ్చేవారి చేతిలో కీలుబొమ్మ కాకుండా ల్యాబ్ ఎలా నిలబడాలి? మెరిల్ మిగతా జీవితమంతా ఈ ప్రశ్నకు జవాబు చెప్పడంతోనే గడిచింది. 1901లో ఆ బ్యూరో అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ పేరుతో ఇల్లినాయ్ రాష్ట్రంలో నమోదైంది. అదే యూఎల్. లాభాలు పంచుకునే వ్యాపారంగా కాకుండా దాన్ని నడిపారు. ఇది మొదటి జాగ్రత్త.

కాగితం మీద నిబంధన

రెండో జాగ్రత్త, రాతపూర్వక ప్రమాణం. 1890ల మధ్యలో అమెరికాలో కరెంటు వైరింగుకు ఐదు రకాల నియమావళులు ఉండేవి. ఒకదాని ప్రకారం సరైన వైరింగు మరోదాని ప్రకారం తప్పు. ఇన్‌స్పెక్టరు మారితే తీర్పు మారేది. 1896లో బీమా, విద్యుత్ రంగాల వారు, ఇంజినీర్ల సంఘాలు ఒకచోట కూర్చున్నారు. 1897లో ఉమ్మడి జాతీయ ఎలక్ట్రికల్ కోడ్ వచ్చింది. అమెరికాలో ఆ కోడ్ నేటికీ సవరణలతో కొనసాగుతోంది.

మెరిల్ ల్యాబ్ 1903లో తన తొలి ప్రమాణాన్ని ప్రచురించింది. అది రేకు తొడిగిన అగ్నినిరోధక తలుపుల గురించి. తలుపు ఎలా ఉండాలో ముందే రాసి అందరికీ ఇచ్చాక, పరీక్షించే మనిషి ఇష్టాయిష్టాలకు చోటు తగ్గుతుంది. ఫెయిలైన తయారీదారు కూడా ఏ కారణంతో ఫెయిలయ్యాడో చదువుకోవచ్చు. తీర్పు తప్పనిపిస్తే వాదించవచ్చు.

పోస్టర్ మీద మాట, తెర మీద మంట

తొలి ప్రమాణం వచ్చిన ఆ ఏడాది చివర్లోనే, అదే షికాగోలో ఘోరం జరిగింది. ఇరోక్వాయ్ థియేటర్ 1903 నవంబరులో ప్రారంభమైంది. అగ్నిప్రమాదానికి ఏమాత్రం ఆస్కారం లేని థియేటరని ప్రచారం చేసుకుంది. డిసెంబరు 30న మధ్యాహ్నం ఆటకు పిల్లలు, తల్లులతో హాలు కిక్కిరిసింది. స్టేజీ మీది ఆర్క్ లైటు నుంచి నిప్పురవ్వ పడి తెరగుడ్డలు అంటుకున్నాయి. మంటలను ఆపడానికి దించాల్సిన ఆస్బెస్టాస్ తెర మధ్యలో ఇరుక్కుపోయింది. చాలా తలుపులు తెరుచుకోలేదు. 600 మందికి పైగా చనిపోయారు.

తర్వాత ఆ తెర ముక్కను పరీక్షిస్తే, ఆస్బెస్టాస్‌లో కలప గుజ్జు కలిసి ఉందని తేలింది.

ఆ పరీక్ష థియేటరు తెరవకముందు జరగాల్సింది. ప్రేక్షకులు నమ్మింది ఎవరూ పరీక్షించని ఒక ప్రకటనను. పేరుకు ఆస్బెస్టాస్ తెర ఉంది, తలుపులున్నాయి. అవసరమైన నిమిషంలో ఏదీ పనిచేయలేదు. మీ షాపులో ఎర్త్ లీకేజీ బ్రేకరు, ఫైర్ ఎక్స్‌టింగ్విషరు ఉన్నాయా అని మాత్రమే చూసి టిక్కు పెట్టేవారు చేసే తనిఖీ ఇలాంటిదే. అవి పనిచేస్తున్నాయో లేదో నొక్కి చూడాలి.

చెప్పకుండా వచ్చే ఇన్‌స్పెక్టరు

మెరిల్ మూడో జాగ్రత్తే ఆయన సంస్థకు అసలు పేరు తెచ్చింది. ల్యాబ్‌కు పంపే నమూనాను ఎవరైనా జాగ్రత్తగా తయారుచేస్తారు. పాస్ అయ్యాక ఫ్యాక్టరీలో రాగి తగ్గించి, రబ్బరు పలచన చేస్తే? నమూనాకు ఇచ్చిన సర్టిఫికెట్ మార్కెట్లోని సరుకుకు వర్తించదు.

అందుకే 1903 తర్వాతి ఏళ్లలో లేబుల్ పద్ధతి వచ్చింది. ఆ లేబుల్ వాడుకునే ఫ్యాక్టరీకి ల్యాబ్ ఇన్‌స్పెక్టర్లు వెళ్లి తయారవుతున్న సరుకును చూసేవారు. ప్రమాణానికి తగ్గితే లేబుల్ పోతుంది. పరీక్ష ఒక రోజుతో ముగిసే తంతు కాకుండా, వస్తువు తయారవుతున్నంత కాలం సాగే కాపలా అయింది. ఇచ్చిన గుర్తును వెనక్కి తీసుకోగల అధికారం, తీసుకునే ధైర్యం లేని సంస్థ ఇచ్చే గుర్తుకు విలువ ఉండదని మెరిల్ గ్రహించారు.

ఆయన పని ల్యాబ్ గోడల మధ్యే ఆగలేదు. అగ్నిప్రమాదాల నివారణకు 1896లో ఏర్పడిన జాతీయ సంఘం ఎన్‌ఎఫ్‌పీఏకు 1903 నుంచి 1909 దాకా కార్యదర్శి, కోశాధికారిగా, 1910 నుంచి 1912 దాకా అధ్యక్షుడిగా పనిచేశారు. 1916లో యూఎల్ అధ్యక్షుడయ్యారు. 1923లో మరణించారు. మూడో అంతస్తులోని ఆ చిన్న ల్యాబ్ అప్పటికి దేశమంతా తెలిసిన సంస్థ.

ఆ తర్వాతి కథ కూడా తెలుసుకోవాలి. వందేళ్లకు పైగా లాభాపేక్ష లేకుండా నడిచిన యూఎల్, 2012లో పరీక్షల విభాగాన్ని వాణిజ్య సంస్థగా మార్చింది. ఆ విభాగం షేర్లు 2024 ఏప్రిల్ నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఉన్నాయి. పరిశోధన, ప్రమాణాల పనులు లాభాపేక్ష లేని సంస్థల కిందే ఉన్నాయి. ఇందులో తప్పుందని అనలేం. కానీ ఎంత పాత పేరైనా, ఖర్చు ఎవరు పెడుతున్నారు, తప్పు చేస్తే ఎవరు అడుగుతారు అన్న ప్రశ్నలు మాత్రం ఎప్పటికీ పాతబడవు.

మన దగ్గర ఎవరిని నమ్మాలి?

మెరిల్ చేసిన రెండు ఉద్యోగాలను విడివిడిగా చూడండి. బోస్టన్‌లో భవనానికి వెళ్లి తనిఖీ చేశారు. షికాగోలో ల్యాబ్‌లో వస్తువును పరీక్షించారు. ఈ రెండూ వేర్వేరు సేవలు. మీ వ్యాపారానికి ఏది కావాలో ముందు తేల్చుకోండి.

మొదటిది కొత్త వస్తువు సంగతి. దేశంలో ప్రమాణాలు రూపొందించేది బ్యూరో ఆఫ్ ఇండియన్ స్టాండర్డ్స్, అంటే బీఐఎస్. 1947లో ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్‌గా మొదలై, 1987లో బీఐఎస్ అయింది. ఐఎస్ఐ గుర్తు ఆ పాత పేరు నుంచే వచ్చింది. ఇస్త్రీ పెట్టె, గీజరు, ఇమ్మర్షన్ హీటరు, పీవీసీ వైర్ల వంటి వాటికి ఆ గుర్తు తప్పనిసరి. గుర్తుకు పైన ఐఎస్ నంబరు, కింద సీఎం/ఎల్ అనే అక్షరాలతో లైసెన్సు నంబరు ఉంటాయి. నంబరు లేని ఐఎస్ఐ బొమ్మను నమ్మకండి. ‘బీఐఎస్ కేర్’ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు పేరు, ఏ వస్తువుకు లైసెన్సు ఇచ్చారు, అది ఇంకా అమల్లో ఉందా అన్నది కనిపిస్తుంది. తేడా ఉంటే అదే యాప్‌లో ఫిర్యాదు చేయొచ్చు. మెరిల్ ఇన్‌స్పెక్టర్లలాగే బీఐఎస్ కూడా ఫ్యాక్టరీల నుంచి, మార్కెట్ నుంచి నమూనాలు తీసి పరీక్షిస్తుంది.

చార్జర్లు, ఎల్‌ఈడీ బల్బులు, పవర్ బ్యాంకుల వంటి వాటికి వేరే పద్ధతి ఉంది. వాటి మీద ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది. బీఐఎస్ గుర్తించిన ల్యాబ్‌లో పరీక్ష చేయించి, ప్రమాణానికి తగ్గట్టు ఉందని తయారీదారు స్వయంగా ప్రకటిస్తాడు. ఈ నంబరును కూడా యాప్‌లో సరిచూసుకోవచ్చు. ఇక దిగుమతి వస్తువుల మీద కనిపించే ‘సీఈ’ గుర్తు చాలా వస్తువుల విషయంలో తయారీదారు సొంత ప్రకటనే. యూరప్‌లో అమ్మడానికి ఉద్దేశించిన ఆ గుర్తు ఐఎస్ఐకి బదులు కాదు.

ఏదైనా వస్తువును మీరే ల్యాబ్‌కు పంపాలనుకుంటే ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉందో లేదో చూడండి. ల్యాబ్‌ల సామర్థ్యాన్ని, నిష్పాక్షికతను ఐఎస్ఓ/ఐఈసీ 17025 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం పరిశీలించి గుర్తింపు ఇచ్చే సంస్థ అది. క్వాలిటీ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో భాగం. ఎన్‌ఏబీఎల్ వెబ్‌సైట్‌లో ల్యాబ్ పేరుతో వెతికితే మూడు సంగతులు తెలుస్తాయి: గుర్తింపు నంబరు, గడువు తేదీ, ఏయే పరీక్షలకు గుర్తింపు ఉంది. మూడోది చాలా ముఖ్యం. నీటి పరీక్షలకు గుర్తింపున్న ల్యాబ్ గీజరు పరీక్షకు ఆ గుర్తు వాడకూడదు. కాటికాపరి వైరు కథ గుర్తుంది కదా. హైదరాబాద్‌లో కేంద్ర ప్రభుత్వ ఎస్‌టీక్యూసీ కింద పనిచేసే ఈటీడీసీ, సీపీఆర్‌ఐ విభాగం కూడా ఉన్నాయి.

రెండోది మీ షాపుకు వచ్చి చేసే తనిఖీ. ఇలాంటి తనిఖీ సంస్థలకు గుర్తింపు ఇచ్చేది ఎన్‌ఏబీసీబీ. దాని ప్రమాణం ఐఎస్ఓ/ఐఈసీ 17020. అందులో ‘టైప్ ఏ’ అంటే తాను తనిఖీ చేసే వస్తువులను తయారుచేయడం, అమ్మడం, మరమ్మతు చేయడం వంటి పనులతో సంబంధం లేని స్వతంత్ర సంస్థ. మీ వైరింగులో మార్పులు చేయించాల్సి వస్తే ఆ పని రాష్ట్ర ప్రభుత్వ లైసెన్సు ఉన్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుకు ఇవ్వండి. లైసెన్సు కాపీ అడిగి తీసుకోండి.

బ్రిటన్‌లో రెస్టారెంట్లు, దుకాణాలు నడిపే తెలుగువారికి ఒక మాట. అక్కడ పోర్టబుల్ వస్తువుల పరీక్షను పాట్ టెస్టింగ్ అంటారు. ఏటా చేయించకపోతే చట్టం ఒప్పుకోదని కొందరు ఏజెంట్లు చెబుతుంటారు. అది నిజం కాదు. 1989 నాటి నిబంధనలు పరికరాలను ప్రమాదం లేని స్థితిలో ఉంచాలంటాయి. ఎంత తరచుగా పరీక్షించాలన్నది వస్తువును, దాన్ని వాడే చోటును బట్టి మారుతుంది.

సంతకం పెట్టే ముందు అడగాల్సినవి

1. మీరు వస్తువులు అమ్ముతారా, రిపేర్లు చేస్తారా? చేస్తే, ఫెయిలైన వస్తువు బాగుచేయించుకోవడానికి మరొకరి దగ్గరికి వెళ్లే స్వేచ్ఛ మాకు ఉందా?

2. పాస్ అయినా, ఫెయిల్ అయినా ఫీజు ఒకటేనా? ఒప్పందంలో ఈ మాట రాయించండి.

3. ఏ ప్రమాణం ప్రకారం పరీక్షిస్తారు? ఇళ్లు, దుకాణాల్లో వాడే ఉపకరణాల భద్రతకు ఐఎస్ 302, వైరింగుకు ఐఎస్ 732, ఎర్తింగుకు ఐఎస్ 3043 ఉన్నాయి. ఇవి తెలియవంటే అక్కడే ఆగండి.

4. ఏయే పరీక్షలు చేస్తారు? ప్లగ్గు, తీగ కంటితో చూడడం, ఎర్త్ తీగ తెగకుండా ఉందా, ఇన్సులేషన్ ఎంత బలంగా ఉంది, లీకేజీ కరెంటు ఎంత.. కనీసం ఇవి ఉండాలి. 30 మిల్లీ ఆంపియర్ల ఎర్త్ లీకేజీ బ్రేకరును బటన్ నొక్కి వదిలేయకుండా మీటరుతో కొలవాలి. ఆ మేరకు లీకేజీ వచ్చినప్పుడు మామూలు రకం బ్రేకరు 300 మిల్లీసెకన్లలోపు కరెంటు ఆపేయాలి.

5. మీటర్ల క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ చూపిస్తారా? అందులోని సీరియల్ నంబరు వాళ్ల చేతిలోని మీటరు నంబరుతో కలవాలి. గడువు దాటకూడదు.

6. నివేదికలో ఒక్కో వస్తువుకు రీడింగు రాస్తారా? పాస్ అన్న ఒక్క మాట చాలదు.

7. ఇంతకుముందు మరో వ్యాపారంలో ఫెయిల్ చేసిన వస్తువుల నివేదిక, పేర్లు తీసేసి, చూపించగలరా? ఇప్పటిదాకా దేన్నీ ఫెయిల్ చేయలేదంటే, పరీక్ష ఎలా జరుగుతోందో అర్థమవుతుంది.

వాళ్లు పని చేస్తున్నప్పుడు ఒక అరగంట పక్కన నిలబడండి. ఎన్ని నిమిషాల్లో ఎన్ని వస్తువులు అయ్యాయో చూడండి. అంతకంటే పెద్ద సాంకేతిక పరిజ్ఞానం మీకు అక్కర్లేదు.

ఒక మాట ముందే అనుకోండి. నిజాయితీగా పరీక్షించేవారు వస్తే మీ 40 వస్తువుల్లో కొన్ని ఫెయిల్ కావచ్చు. ఆ రోజు మీకు ఖర్చు, చిరాకు. పాత మిక్సీ పక్కన పెట్టాలి, గీజరుకు ఎర్త్ వేయించాలి, ఓ పూట గిరాకీ పోవచ్చు. అందుకే అన్నీ పాస్ చేసే ఏజెన్సీ వైపు మనసు లాగుతుంది. కాగితం కావాలా, పరీక్ష కావాలా అని మీరు తేల్చుకోవాల్సింది అప్పుడే. మెరిల్‌కు డబ్బిచ్చిన బీమా సంస్థలకు ఆ సందేహం రాలేదు. కాలితే నష్టం తమదేనని వాళ్లకు తెలుసు. మీ షాపులో ఆ నష్టం ముందుగా మీ పనివాళ్లది, ఆ తర్వాత మీది.